వేలు సూపని మనిషి

బాబా పోయిండని ఫోన్ వచ్చినప్పుడు నేను బురైమిల ట్యాంకర్‌కు నీల్లు పట్టిస్తున్న. చేసింది ఆయన బిడ్డ. "భాయ్, పొద్దుగాల బాబా పోయిండు. పగటి జొహర్ నమాజ్ కాంగనే మట్టి చేస్తరు" అన్నది. బురైమి నుంచి మస్కట్‌కు ఎంత ఉరికినా నాకు మట్టి అందదని అప్పుడే ఎరుకైంది. ట్యాంకర్ నిండి నీల్లు పొర్లుతున్నయి, పంపుకాడి మలబారాయన ఒర్లుతుండు, నాకేం వినొస్తలేదు. ఆయనే వచ్చి వాల్వ్ బంద్ జేసి, "ఎవరు పోయిండ్రు, మీ నాయననా?" అని అడిగిండు. కాదన్న. "మరి ఎవరు?" అన్నడు. ఇంటి డ్రైవర్‌కు వాని అర్బాబ్, పనికి పెట్టుకున్న సేటు, ఏమైతడు? ఏం కాడు. ఏం కాని మనిషి కోసం గా పంపుకాడ, ఎండల కూసోని ఏడ్సిన. ఎవ్వడేమనుకుంటె నాకేంది.

నేను జగిత్యాల దిక్కోన్ని. మస్కట్ కాడ అల్ హైల్‌ల బాబా ఇంట్ల కారు నడిపిన. బలూచి మనిషి, ఫౌజుల జిందగంత చేసి రిటైర్ అయినోడు. ఉర్దూ మంచిగ మాట్లాడేటోడు, గందుకే మాకు మాట కలిసింది. జగిత్యాల అంటే ఆయనకు తెల్వది. "అది హైదరాబాద్‌ల ఏ గల్లీ?" అనేటోడు. గల్లీ కాదు బాబా, వేరే జిల్లా అని ఎంత మొత్తుకున్నా, సుట్టాలొస్తే నన్ను సూపెట్టి "మా హైదరాబాదీ" అనే చెప్పేటోడు. సూపెట్టుడంటే వేలుతోని కాదు. అరచెయ్యి మొత్తం తెరిచి, ఎవరికో పండు ఇస్తున్నట్టు పట్టేటోడు. ఆయన ఎవ్వరి దిక్కు వేలు పెట్టంగ నేను సూడలే.

గా సంగతి మొదటి దినమే నా నెత్తికెక్కిచ్చిండు. సీబ్ సూక్ బజార్ కాడ కారు పెట్టబోతుంటె ఒకడు అడ్డమొచ్చిండు. "గాడు సూడు బాబా, కండ్లు లేవా గానికి?" అని వేలు పెట్టి సూపిన. ఆయన నా వేలు పట్టుకొని మెల్లగ మడిచి నా పిడికిట్లనే పెట్టిండు. "మనిషి దిక్కు వేలు పెట్టొద్దు. వేలు గుడ తుపాకి గొట్టమే అనుకో" అన్నడు. ముసలోనికి జరంత పిచ్చి ఉన్నట్టుంది, ఈ నౌకరి ఎన్నొద్దులు సాగుతదో ఏమో అనుకున్న. ఆయన అర్ర సూసినంక గని నాకు సమజ్ కాలే.

ఆయనకు రివాల్వర్ పోటీల షౌక్. గుట్టల పక్కపొంటి రేంజ్ ఉన్నది, అక్కడ కాయితం మీద గీసిన నిశాన్‌ను కొట్టాలె, ఎవరిది నడిమిట్లకు దగ్గర పడితే వాడు గెల్సినట్టు. దానికి తూటాలు దుకాణంల కొనడు, ఇంట్లనే నింపుకుంటడు. పోలీసోల్లు ఇచ్చిన పర్మిషన్ కాయితాన్ని అద్దం కట్టిచ్చి, మనం పెండ్లి ఫోటో పెట్టుకున్నట్టు, గోడకు తగిలిచ్చిండు.

పేలిన తూటా ఇత్తడి గొట్టాన్ని పారెయ్యద్దట. రివాల్వర్ గొట్టాలను ఎగరగొట్టది, కడుపులనే దాసుకుంటది. ఆయన వాటిని అరచేతిల ఒంపుకొని డబ్బల ఏసుకొచ్చేటోడు. ఇంటికొచ్చి కడిగి, తుడిచి, మూతి చీలినయి ఏరేసి, కింద నిప్పంటిచ్చే కొత్త బిళ్ల, లోపల తుపాకి మందు, మీద సీసం గుండు పెట్టి తూటాలు నింపే మిషిని పిడి గుంజితే మల్ల తూటా తయార్. గా మిషినిని ఆయన బీబీ కుట్టుమిషిని బల్లకు బిగిచ్చిండు. ఆమె పోయి శానేండ్లైంది. సొరుగుల ఇంక ఆమె దారం ఉండలు, రంగు రంగుల గుండీలుండె. సాఫ్ చేస్త అంటే చెయ్యనియ్యలే. "అవి నీకేమన్న అడ్డమొస్తున్నయా?" అన్నడు, గంతే.

"దుకాణంల దొరుకుతయి గద బాబా, గింత తిప్పలెందుకు?" అని ఒకపారి అడిగిన.

"దుకాణంది ఎవడు నింపిండో నాకేమెరుక? తెల్వనోడు నింపింది నా చేతుల ఎందుకు పేల్చాలె?"

"మరి నీయి దోస్తులు అడిగితే ఇస్తలేవెందుకు? నువ్వు తెల్సినోడివే గద."

నా దిక్కు సూసి నవ్విండు. "నేను తప్పు చేసిన్ననుకో, నా చెయ్యి పోవాలె. ఇంకోని చెయ్యి పోతే నేను ఎట్ల పండుకోవాలె?"

ఒక పెద్ద ఆఫీసర్, ఫౌజుల ఈయన కింద పని చేసినోడు, ఇంటికొచ్చి బతిలాడిండు. డబ్బ కాదు, ఒక్క పిడికెడు ఇయ్యమన్నడు. బాబా ఖర్జూరం పెట్టిండు, కావా కాఫీ తాపిండు, గేటు దాక సాగనంపిండు. తూటా మాత్రం ఒక్కటియ్యలే. ఆఫీసర్ మొకం మాడ్చుకొని పోయిండు. "పోనీ తియ్, కోపమొస్తే తగ్గుతది. చెయ్యి పోతే మల్ల వస్తదా?" అన్నడు బాబా.

తూటాలు నింపేటప్పుడు ఇంకో గమ్మతి ఉండె. ఎవరన్న సలాం చెప్తే జవాబు ఇయ్యకుంటె పాపం. ఇచ్చేతందుకు తల తిప్పితే చేతిల పని తప్పుతది. గందుకే లోపల కూసునే ముందు తన టోపీ తీసి దర్వాజ గొళ్లానికి తగిలిచ్చేటోడు. ఒమాన్ల మొగోల్లు పెట్టుకునే గుండ్రటి పూలటోపీ, కుమ్మా అంటరు. టోపీ గొళ్లానికుంటే సలాం చెప్పద్దని అందరికి తెల్సు. ఇమాం సాబ్ గుడ గా టోపీ సూసి బయటనే నిలవడ్డడు ఒకనాడు. నన్ను మాత్రం లోపల కూసోనిచ్చేటోడు. "నువ్వు సలాం చెప్పకున్నా నీకు పాపం లేదు" అని.

"మరి నమస్తే అంటే?"

"అనద్దు. చేతులు జోడిచ్చుకో. చప్పుడు రాదు."

ఒక్కో గొట్టంల మందు పోసినప్పుడల్లా పెదవుల లోపల్నే "బిస్మిల్లా" అనేటోడు. బిస్మిల్లా, పిడి గుంజుడు, టక్కుమని తూటా గిన్నెల పడుడు. నేను గోడకు ఒరిగి చాయ్ తాక్కుంట వినేటోన్ని. మా అమ్మ బీడీలు చేసేటప్పుడు గుడ గిట్లనే ఒక వరుస ఉంటది. ఆకు మలుచుడు, దారం సుట్టుడు, చేటల పడేసుడు. పరాయి దేశంల ఆ చప్పుడు వింటుంటె నాకు మంచిగనిపించేది. పొద్దు వాలేటప్పటి అసర్ నమాజ్ అయినంక గా గంటసేపు నాకు డ్యూటీ లెక్క కాకుండె.

తర్వాత్తర్వాత బాబాకు మతిమరుపు సురువైంది. నమాజ్ చదివి మసీదు మెట్లు దిగంగనే, "నడువు, నమాజ్‌కు టైమైంది" అనేటోడు. కార్ల కూసోని, పోయేది ఎక్కడికో మర్చిపోయి, నేను అడిగితే "నువ్వే మర్చిపోయినవా?" అని నన్నే తిట్టేటోడు. నేను నవ్వుకున్న. ఆయన బిడ్డ నవ్వలే. ఆమె బ్యాంకుల పని చేస్తది, ఇల్లు, నాయన, అన్ని ఒక్కతే సూసుకుంటది. ఒకనాడు కారుకాడ నన్ను ఆపి, "ఆ అర్రల ఏమన్న తేడా కొడితే నాకు చెప్పు భాయ్. బాబాకు ఆ పని తప్ప ఇంకేం లేదు, నేను ఉత్తగ గుంజుకోలేను" అన్నది. ఆమె కండ్లల్ల నీల్లున్నయి. సరే మేడమ్ అన్న.

తేడా నాకు చెవులకు తగిలింది. ఎప్పటోలె గోడకు ఒరిగి కూసున్న. బిస్మిల్లా వినొచ్చింది. పిడి చప్పుడు రాలే. మల్ల బిస్మిల్లా వినొచ్చింది. అప్పుడు పిడి, అప్పుడు టక్కు. నా చేతిల చాయ్ అట్లనే ఆగిపోయింది. నడుమల మాట్లాడద్దు అని హుకుం. అయినా ఉండలేక, "బాబా, దానికి రెండుమాట్ల పోసినవు" అన్న.

"నా బిస్మిల్లాలు లెక్కవెడుతున్నవా?" అని గయ్యిమన్నడు. మొకం ఎర్రగైంది. బయటికి పో అన్నడు. నేను పోలే. పోతే పోనియ్, నౌకరి తీసేస్తే తియ్యనియ్ అనుకొని అక్కన్నే నిలవడ్డ. జరసేపు నన్ను కొట్టేటట్టు సూసి, ఆఖరికి లోపల డొల్ల ఉన్న ప్లాస్టిక్ సుత్తె తీసిండు. తూటాను దాంట్ల బిగిచ్చి కొడితే గుండు ఊడి, మందు బయటికొస్తది. ఆ దినం నింపినయన్ని ఒక్కొక్కటి ఊడగొట్టిండు. నేను అన్నదాంట్ల మందు రెండింతలున్నది. గది పేలితే రివాల్వర్ చేతులనే పగులుతుండె.

గా మందును కాయితం మీద పోసుకొని శానసేపు సూసిండు. కోపమంత దిగిపోయింది. "అల్లా పేరు ఎక్కువైందని పట్టుకున్నోన్ని నిన్నొక్కన్నే సూసిన" అని నవ్విండు. ఆ నవ్వు సూసి నాకు ఏడుపొచ్చింది.

నేను మేడమ్‌కు చెప్పే పని పడలే. అన్నం కాడ ఆయనే చెప్పేసిండు. "ఏటేటా అయ్యే పోటీ వస్తున్నది. అది ఆడి, నా చేతులతోని నేనే రివాల్వర్ అప్పజెప్త. అప్పటిదాక గుంజుకోకు బిడ్డా" అని అడిగిండు. ఫౌజుల మందిని ఉరికిచ్చిన మనిషి, కన్నబిడ్డను గట్ల అడుగుడు నేను సూడలేక వంటింట్లకు పోయిన. మేడమ్ సరే అన్నది. ఒక్క షరతు. ప్రతి గొట్టం నేను సూడాలె, టార్చ్ ఏసి.

అప్పటిసంది ఇద్దరం పక్కపక్కన కూసునేటోల్లం. ఆయన మందు పోస్తడు, నేను టార్చ్ ఏసి లోపలికి సూసి "ఠీక్" అంట, ఆయన పిడి గుంజుతడు. ఒక్కోపారి కావాల్నని ఉత్త గొట్టం నా ముందు పెట్టేటోడు, నేను నిద్రపోతున్ననో లేదో అని. నేను "ఖాళీ ఉన్నది బాబా" అంటే, "షాబాష్ హైదరాబాదీ" అని వీపు మీద సరిసేటోడు. జగిత్యాల బాబా అని నేను, అదే ఏ గల్లీ అని ఆయన. మందు సంగతి మేం గంత భద్రంగ సూసుకున్నం. ఆయన బిడ్డ, నేను, ఆయన, ముగ్గురికి ముగ్గురం మందునే సూసినం. మిగిలింది ఎవ్వరం సూడలే.

పోటీ దినం బాబా కొత్త దిష్‌దాషా అనే పొడుగంగి తొడుక్కున్నడు, అత్తరు రాసుకున్నడు. మొదటి ఐదు మంచిగ కొట్టిండు, వెనుకకెల్లి సప్పట్లు. బెంచి మీద తూటాల డబ్బ ఒల్లె పెట్టుకొని కూసున్న నాకైతే కడుపు నిండింది. రెండోపారి ఐదు తూటాలు పెట్టుకున్నడు. నాలుగు కొట్టి ఆగిండు. రివాల్వర్ జర దించిండు. ఊపిరి తీసుకుంటుండేమో అనుకున్న. ఆయన మాత్రం అయిపోయింది అనుకున్నడు. చెవుల మీది కప్పులు తీసి మెడల ఏసుకున్నడు.

గప్పుడే ఒక పిలగాడు, ఆట కొత్తగ నేర్సుకుంటున్నోడు, వెనుకకెల్లి వచ్చి "అస్సలాము అలైకుం" అన్నడు. బాబా పెద్దమనిషి అని గౌరవంగ చెప్పిండు. వాని మీద నాకు మస్తు కోపముండె, వాని నోరు పడిపోను అని తిట్టుకున్న గుడ, కని వాడేం జేసిండు పాపం. రేంజ్ మీద గొళ్లెం లేదు, దానికి టోపీ లేదు. బాబా జవాబు చెప్పేతందుకు మనిషి మొత్తం వెనుకకు తిరిగిండు. చేతిల రివాల్వర్ గుడ తిరిగింది.

అందరు కింద పడ్డరు. బెంచీల కిందికి, బల్లల ఎనుకకు, ఎవనికి దొరికిన జాగల వాడు దూరిండు. నేను దూరలే. ధైర్యం కాదు, ఏమైతున్నదో నాకు సమజ్ కాలే. నేనట్లనే కూసున్న, రివాల్వర్ గొట్టం నా ఛాతి దిక్కున్నది, దాని ఎనుక బాబా మొకమున్నది, "వ అలైకుం" అని సగం మాట నోట్లనే ఉన్నది.

ఆయన సూసిండు. జనమంత కింద పడున్నరు, నేనొక్కన్ని కూసున్న. తన చెయ్యి సూసుకున్నడు. మెల్లగ బల్ల దిక్కు తిరిగి, పసిపిల్లను పండవెట్టినట్టు రివాల్వర్‌ను బల్ల మీద పెట్టిండు. రేంజ్ ఆఫీసర్ ఉరికొచ్చి తెరిస్తే పేలని తూటా ఒకటి బల్ల మీద పడి దొర్లింది.

బాబా సీదా నా కాడికొచ్చిండు. రెండు అరచేతులతోని నా భుజాలు, ఛాతి, కడుపు తడిమిండు. "తాకిందా?" అన్నడు.

"పేలనే లేదు బాబా, ఏం తాకుతది?"

మల్ల తడిమిండు. "ఎక్కడ తాకింది? చెప్పు, ఎక్కడ?" అన్నడు.

కార్ల ఎప్పుడు నా పక్క సీట్ల కూసునేటోడు. ఆ దినం వెనుక కూసున్నడు. అద్దంల సూస్తే కండ్లు మూసుకోని ఉన్నడు. తెల్లారి పోలీసోల్లకు రివాల్వర్ అప్పజెప్పిండు. అర్రల మిషిని ఇప్పేసిండు, నేను సాయం పడత అంటే ఒద్దన్నడు. అప్పటిసంది నా దిక్కు సూసుడు బంద్ జేసిండు. నేను ఎదురైతే గోడ దిక్కు తిరిగేటోడు. కారెక్కుడు గుడ మానేసిండు. కారు బయటికి పోకుంటె డ్రైవర్ ఎందుకు? మేడమ్ మంచిది, వేరే కాడ పని చేసుకునేతందుకు నాకు రిలీజ్ కాయితం ఇచ్చింది, హెవీ లైసెన్స్ ఉండె కాబట్టి బురైమిల ట్యాంకర్ పని దొరికింది. పోయే దినం బాబా అర్ర దర్వాజ కొట్టిన. తియ్యలే. మందిల ఇజ్జత్ పోయింది, అందుకు నేను సాక్షిని, గందుకే కోపం అనుకున్న. కోపమొస్తే తగ్గుతదని ఆయనే అనేటోడు గద, తగ్గుతది, అప్పుడొస్త అనుకున్న.

నడుమల ఒకపారి మేడమ్ ఫోన్ చేసింది. "బాబాతోని మాట్లాడు" అని స్పీకర్ పెట్టింది. నాకు మస్తు సంబురమైంది. "సలాం బాబా! ఎట్లున్నవ్? నేను, హైదరాబాదీని" అన్న. అవతల ఊపిరి వినొస్తున్నది, మాట లేదు. ఇంక కోపం పోలే అనుకొని, నేనే ఏదో నవ్వుకుంట మాట్లాడి పెట్టేసిన.

మట్టి అందలే గని, మూడొద్దుల పరామర్శకు అందిన. కంపెనీల లడాయి పెట్టుకొని సెలవు తీసుకున్న. అల్ హైల్ ఇంట్ల మొగోల్ల దిక్కు కూసోని కావా తాగిన. పోతుంటె మేడమ్ గేటు కాడికి వచ్చింది. మనిషి సగమైంది.

"నీకో మాట చెప్పాలె భాయ్" అన్నది. "బాబాకు నేను యాదికి లేకుంటయిన. అమ్మ పోయిందని యాదికి లేదు. ఇల్లు యాదికి లేదు. ఒక్కటే యాదికున్నది. నిన్ను తాను కాల్చిండని."

గేటు పట్టుకున్న.

"దినాం అడిగేటోడు. ఆ డ్రైవర్ పిలగాడు బతికిండా? వాని పిల్లలను ఎవరు సాదుతున్నరు? అని. బతికే ఉన్నడు బాబా, బురైమిల ఉన్నడు అంటే నమ్మకపోయేది. గందుకే నీకు ఫోన్ చేసిన ఆ దినం. నీ గొంతు విన్నడు. ఫోన్ పెట్టేసినంక ఎంతసేపు ఏడ్సిండో! పాపం, నా చేతుల సచ్చిపోయి గుడ నాకు సలాం చెప్తుండు అన్నడు."

"నన్ను రమ్మంటే అయిపోతుండె గద మేడమ్! కండ్ల ముంగట నిలవడుతుంటి గద!" అని ఒర్లిన. పరామర్శ ఇంటికాడ గట్ల ఒర్లద్దు, కని నా నోరు ఆగలే.

"గొంతుకే గంత బెదిరిండు. మనిషిని సూస్తే గుండె ఆగుతదేమోనని డాక్టర్ ఒద్దన్నడు. నేను బుగులువడ్డ భాయ్." కొంగుతోని మొకం కప్పుకున్నది. "శుక్రారం శుక్రారం బిర్యానీ వండిచ్చి మసీదు కాడ పని చేసేటోల్లకు పెట్టిచ్చేటోడు. ఎవరి పేరు మీద అంటే, మా హైదరాబాదీ పేరు మీద అనేటోడు."

నేను బురైమిల ఖుబూజ్ రొట్టె తినుకుంట, ముసలోనికి నా మీద కోపం ఇంక పోలే అని నిష్ఠూరమాడుకుంట ఉన్న. ఆయన ఇక్కడ నాకు తద్దినం పెడుతుండు. తన తప్పు ఇంకోనికి తాకద్దని తూటా ఒక్కటి ఎవ్వనికియ్యని మనిషి, మనిషిని సంపిన్ననే బాధతోని పోయిండు. ఏ దేవుడు రాసిండో గా రాత, వాడు నాకు దొరకాలె.

కబరస్తాన్‌కు పోయిన. రాళ్లు తప్ప పేర్లుండయి అక్కడ. పచ్చి మట్టి ఒక్క జాగలనే ఉన్నది, ఎవ్వరిని అడిగే పని పడలే. నడినెత్తి మీద పొద్దు, సుట్టుముట్టు మనిషి లేడు. ఎట్ల దండం పెట్టాలెనో తెల్వలే. ఇగ అంగి గుండీలు ఇప్పిన. బనీను మీదికి లేపిన. మట్టి దిక్కు ఒంగి, ఛాతి, కడుపు, రెండు భుజాలు సూపెట్టిన.

"సూడు బాబా. ఎక్కడ తాకలే. బతికే ఉన్న, సూడు" అన్న.

గట్ల అంగి ఇప్పుకోని శానసేపు నిలవడ్డ. సూడాల్సినోడు లేడు.